రాహుకాలంలో రెండో గిటార్

ఇది ఎందుకు రాయవలసి వచ్చింది

మా ఊరి లైబ్రరీలో తెలుగు పుస్తకాలకు ఒక అర ఉంది. అందులో కోళ్ల పెంపకం మీద పుస్తకం ఉంది. పుట్టగొడుగుల పెంపకం మీద రెండున్నాయి. ట్రాన్సిస్టర్ రేడియో బాగుచేసుకోవడం ఎలాగో బొమ్మలతో సహా చెప్పే పుస్తకం ఉంది, దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. గిటార్ వాయించడం నేర్పే పుస్తకాలు పక్క అరలో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. గిటార్ అమ్మడం ఎలాగో చెప్పే పుస్తకం మాత్రం ఏ భాషలోనూ లేదు. రాసేవాళ్లంతా వాయించేవాళ్లు కాబోలు. అమ్మేవాళ్లకు సాయంత్రమయ్యేసరికి కాళ్లు పీకుతాయి, కలం పట్టే ఓపిక ఉండదు.

నా పేరు నరసింహులు. పుదుచ్చేరి టౌన్లో సంగీత వాయిద్యాలు అమ్మే ఒకే షాపులో ఉద్యోగ జీవితమంతా గడిపి ఈమధ్యే మానుకున్నాను. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా లైబ్రరీదే. అయస్కాంతం గురించి, చెక్కల గురించి, శబ్దం గాలిలో ఎలా ప్రయాణిస్తుందన్న దాని గురించి నేను చదివినంత మా బజారులో ఎవరూ చదవలేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

మొన్న ఊరికే చూసి వద్దామని పాత షాపుకు వెళ్లాను. నా చోట్లో కొత్తగా ఇద్దరు చేరారు, మంచి పిల్లలు. ఒక కస్టమర్ వచ్చి, తన గిటార్ కన్నా మేలైనది, అన్ని రకాలకూ పనికొచ్చేది ఒకటి కావాలన్నాడు. మావాడు ఫోన్ తీసి ఒక గిటార్ గుణగణాలు చదివాడు. కస్టమర్ తన ఫోన్ తీసి అవే వాక్యాలు వెంట చదివాడు. ఇద్దరూ చివరి వాక్యం కలిసి చదివి, ప్రార్థన ముగిసినట్లు ఒకరినొకరు చూసుకున్నారు. అన్ని రకాలు అంటే ఏయే రకాలు అని మాత్రం ఎవరూ అడగలేదు. కస్టమర్ ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు.

నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. అందుకని ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. నాకు వచ్చిన ఇంక్రిమెంట్ల గురించి రాయను, అవి రాయదగ్గవి కావు. ముఖ్యంగా దేవరాజులు అనే మనిషి రెండో గిటార్ కొన్న కథ చెప్తాను. ఈ వృత్తిలో తెలుసుకోవలసినదంతా అందులోనే ఉంది, తెలుసుకోనవసరం లేనిది కూడా కొంత ఉంది.

రెండో గిటార్ కొనేవాడి సంగతి

మొదటి గిటార్‌ను ఎవరైనా కంటితో కొంటారు. ఎర్రగా ఉందా, మెరుస్తోందా, భుజాన వేసుకుంటే వీధిలో నలుగురూ చూస్తారా, ఇంతే. ఇందులో తప్పు లేదు. మొదటి గిటార్ కొనేవాడికి ఏది ఇచ్చినా దాని మీదే నేర్చుకుంటాడు, లేదా ఏదిచ్చినా మూడు నెలల్లో మంచం కింద పెడతాడు.

రెండోది కొనేవాడు వేరు. అతనికి మొదటిదానితో తగాదా ఉంటుంది. ఆ తగాదా ఏమిటో మీరు కనుక్కోవాలి. అతన్ని అడిగితే చెప్పలేడు, ఎక్కడో చదివింది చెప్తాడు. అందుకని పాత గిటార్ తెమ్మనండి. చెప్పులు చూసి మనిషి నడక చెప్పినట్లు, పాత గిటార్ చూసి వాయింపు చెప్పవచ్చు. మెడ మీది ఏ మెట్టు దగ్గర ఇత్తడి అరిగింది, ఎక్కడ రంగు పోయింది, తిప్పే ఏ మర మీద అంకెలు చెరిగిపోయాయి, ఇవన్నీ అబద్ధం ఆడవు.

ఇంకొక సలహా మా ఊరికే చెందినది. కస్టమర్‌ను రాహుకాలంలో రమ్మనండి. రాహుకాలం గంటన్నరసేపు మా ఊళ్లో ఏ మతస్థుడూ పెద్ద వస్తువు కొనడు. ఎందుకొచ్చిన గొడవ అని నమ్మనివాళ్లు కూడా ఆగుతారు. మా ముదలాళి, అంటే షాపు యజమాని, సవరిరాజు ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, ఆయన కూడా ఆ గంటన్నరలో బిల్లు పుస్తకం తెరిచేవాడు కాదు. కాబట్టి అది గిటార్ వాయించి చూడటానికి రోజులో అన్నిటికన్నా మంచి సమయం. కొనడానికి వీల్లేదు కాబట్టి తొందరపడడానికీ వీల్లేదు. అమ్మేవాడు అమ్మలేడు కాబట్టి నిజం చెప్తాడు. రాహుకాలంలో నేను తిరుగుముఖం పట్టించిన కస్టమర్లంతా తర్వాత తిరిగొచ్చి కొన్నవాళ్లే.

మా ముదలాళి

సవరిరాజు ముదలాళికి వాయించడం రాదు. చెవి మాత్రం పాము చెవి. రెండు వీధుల అవతల పగిలిన తబలాను వినగలడు. గల్లా పక్కన ఒక చిన్న ఇత్తడి గంట పెట్టుకునేవాడు. అది కస్టమర్ల కోసం కాదు, నా కోసం. నేను అయస్కాంత క్షేత్రం దాకా వెళ్లానంటే గంట కొట్టేవాడు. మరీ ఉత్సాహంలో భూమి ధ్రువాల దాకా వెళ్తే రెండుసార్లు కొట్టేవాడు.

నేను చేరిన రోజే ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే: వస్తువు చేతికివ్వు, తర్వాత నోరు మూసుకో. మొదటి సగం నేను వెంటనే నేర్చుకున్నాను.

ఆయనలో లోపం కూడా చెప్పాలి. షాపు అద్దాల్లో ఏది ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉంటే అదే ప్రపంచంలోకెల్లా మంచి గిటార్ అని ఆయనకు నమ్మకం కుదిరిపోయేది. నేను చెప్పబోయే రోజుల్లో అలాంటివి రెండున్నాయి. ఒకటి నల్లది, బంగారు రంగు మరలతో, సన్నికల్లంత బరువు. ఇంకొకటి నక్షత్రం ఆకారంలో నాలుగు వైపులా కోసుగా ఉండేది. దాన్ని తుడిచేటప్పుడు నాకు రెండుసార్లు చొక్కా చిరిగింది.

దేవరాజులు

దేవరాజులుది మా ఊళ్లోనే ఉప్పళం పేట. పగలు కరెంటు స్తంభాలు ఎక్కే ఉద్యోగం, సాయంత్రాలు బాబు మాస్టర్ ఆర్కెస్ట్రాలో గిటార్. పెళ్లి రిసెప్షన్లు, గుడి ఉత్సవాలు, చర్చి పండగలు, అన్నిచోట్లా సినిమా పాటలు వాయించే బృందం అది. మా ఊళ్లో ఇలాంటి బృందంలో గిటార్ వాయించేవాడు గిటార్ ఒక్కటే వాయిస్తే చాలదు. పాటలో వీణ వస్తుంది, వీణ కళాకారుడు ఉండడు. మాండొలిన్ వస్తుంది, అదీ ఉండదు. ఒక్కోసారి సితార్ వస్తుంది. అవి వచ్చినప్పుడల్లా మాస్టర్ గిటార్ వైపే చూసి కళ్లెగరేస్తాడు. అన్ని రకాలకూ అంటే దేవరాజులుకు అర్థం అది.

అతని పాత గిటార్‌కు ఒక జబ్బు ఉంది. చేయి తీసేయగానే తుమ్మెదలా రొద పెట్టేది. మా ఊరి రిసెప్షన్ మంటపాల్లో పందిరి నిండా సీరియల్ సెట్లు, అంటే పరుగెత్తే చిన్న చిన్న రంగు దీపాలు ఉంటాయి. వాటి దగ్గరకు వెళ్లేకొద్దీ ఆ తుమ్మెద పెద్దదయ్యేది. ఒక పెళ్లిలో పెద్దమనిషి ఒకాయన వధూవరులను దీవిస్తూ మాట్లాడుతుంటే, ఆయన ఆగిన ప్రతిచోటా గిటార్ ఊఁ కొట్టిందట. ఊరికంతా కరెంటు ఇచ్చే మనిషి తన గిటార్‌లోకి వచ్చే కరెంటును ఆపలేకపోతున్నాడని మాస్టర్ అందరిముందూ అన్నాడు.

ఆ వారమే దేవరాజులు షాపుకు వచ్చాడు. అమావాస్య మొహం.

"మాస్టర్ ఇంకొక కీబోర్డు వాణ్ణి తెస్తానంటా ఉండాడన్నా. ఆ పెట్టెలో నూరు వాద్యాలుంటాయంట. వచ్చే శుక్రవారం మురుంగపాక్కంలో రిసెప్షన్. దాంట్లో నా గిటార్ అరిస్తే నేను ఇంక స్టేజి ఎక్కబళ్లేదంట."

"ఎక్కకపోతే ఏమౌతాది?"

"స్తంభం ఎక్కతాను. పగలంతా అదే కదా ఎక్కేది. సాయంత్రం గూడా ఎందుకన్నా నాకు స్తంభం?"

నవ్వులాటగానే అన్నాడు. కానీ ఆ బృందంలో అతను పదిహేనేళ్ల వయసు నుంచీ ఉన్నాడు. నేను ముదలాళి వైపు చూశాను, ముదలాళి నల్ల గిటార్ వైపు చూశాడు.

పాత గిటార్ తీసుకుని మర్నాడు రాహుకాలానికి రమ్మన్నాను. పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే తోడు తెచ్చుకోమన్నాను. అది నేను మర్యాదకు అన్న మాట.

చూపులు

పెద్దవాళ్లు వచ్చారు. దేవరాజులును పెంచిన మేనత్త రాజమ్మత్త. మల్లెపూలు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్లే వచ్చింది, చేతిలో పళ్లెం ఒక్కటే తక్కువ. మా షాపులో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కటీ చూపించమంది.

ముదలాళి తొందరపడి నల్లదాన్ని తానే స్వయంగా దించి తెచ్చాడు. రాజమ్మత్త దాన్ని ముట్టుకోలేదు.

"శుభకార్యాల్లో వాయించేదానికి నల్లదా? ఇది తిరునళ్ళారుకు పోయి శనీశ్వరుడి ముందర ఇడిసిపెట్టి వచ్చేదిగదా."

నక్షత్రం గిటార్‌ను చూసి, కత్తిపీట మన ఇంట్లో ఉండాదే అంది. ముదలాళి దాన్ని తీసుకెళ్లి యథాస్థానంలో పెట్టి, అటు తిరిగి లెక్కలేవో చూసుకోవడం మొదలుపెట్టాడు.

నేను మనసులో అనుకున్నది తేనెరంగుది. చెక్క కనిపించే సాదా గిటార్, చూడగానే ఎవరూ మోహించరు. తేలికైనది. గంటల తరబడి నిలబడి వాయించేవాడికి మొదట చూడవలసింది బరువే, శబ్దం తర్వాత. మెడ చేతిలో ఇమడాలి. మెట్ల చివరలు వేలికి గుచ్చుకోకూడదు. తీగను బాగా లాగి వదిలితే శృతి తిరిగి తన చోటికి రావాలి, ఎందుకంటే గిటార్ మీద వీణ పలికించాలంటే తీగలు లాగడమే మార్గం. ఈ నాలుగూ అందులో ఉన్నాయి. బంగారు మరలు లేవు.

రాజమ్మత్త దాన్ని బియ్యం మూట చూసినట్లు రెండు చేతులా ఎత్తి చూసింది. వీపు చూసింది. ముందువైపు చాలాసేపు వెతికింది.

"ఏమ్పా నరసింహులూ, దీనికి నోరు యాడ?"

మామూలు గిటార్‌కు మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది కదా, దాన్ని ఆమె నోరు అంటోంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు అది ఉండదు. నాకు ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లంటే ప్రాణం. తీగల కింద ఉన్న మూడు పట్టీలను చూపించాను. వీటిని పికప్‌లు అంటారనీ, ఒక్కోదాంట్లో అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టి ఉంటుందనీ, పైన తీగ కదిలితే ఆ చుట్ట దాన్ని కరెంటుగా మారుస్తుందనీ చెప్పాను. ఒక్క చుట్ట ఉన్న పికప్ గొంతు సన్నగా తేటగా ఉంటుంది కానీ పక్కనున్న దీపాల రొదను కూడా పట్టుకుంటుంది. రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురు దిక్కులో చుట్టి కలిపితే ఒకదాని రొదను ఇంకొకటి కొట్టేస్తుంది.

"మొగుడూ పెళ్లామూ ఒకేసారి అరిస్తే పక్కింటోళ్లకు ఒక్క మాటా అర్థం కాదే, అట్లనా?"

నేను లైబ్రరీలో చదివిన ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. ఆ తర్వాత కస్టమర్లందరికీ అదే ఉపమానం చెప్పాను. తేనెరంగు గిటార్‌లో ఒక్క చుట్టవి రెండు, రెండు చుట్టలది ఒకటి ఉన్నాయి. కింద ఒక సన్నటి సందులో అటూ ఇటూ జరిగే స్విచ్, అందులో ఐదు స్థానాలు. ఐదింటికీ ఐదు గొంతులు. కీబోర్డువాడి నూరు వాద్యాలకు మన ఐదు చాలునని అత్తకు చెప్పబోతుంటే ముదలాళి గంట కొట్టాడు.

దీపాల పరీక్ష

ఇప్పుడు నా వృత్తి రహస్యం ఒకటి. గిటార్‌ను షాపులో పరీక్షిస్తే షాపులో ఎలా మోగుతుందో తెలుస్తుంది. కస్టమర్ షాపులో కచేరీ చేయడు. అందుకని క్రిస్మస్ పశువులపాకకు పెట్టే సీరియల్ సెట్లను ముదలాళి అటక మీద దాచుకుంటే, వాటిని దించి యాంప్లిఫయర్ చుట్టూ చుట్టి వెలిగించాను. పండగ కాని రోజుల్లో షాపులో రంగుదీపాలు చూసి తగ్గింపు ధరల అమ్మకం అనుకుని ఇద్దరు లోపలికి వచ్చారు. వాళ్లకు ముదలాళి ఒక మౌత్ ఆర్గాన్ అంటగట్టడానికి ప్రయత్నించి, రాహుకాలమని గుర్తొచ్చి ఆగిపోయాడు.

పాత గిటార్ తుమ్మెదలా కాదు, తేనెతుట్టెలా అరిచింది. తేనెరంగుది రెండు చుట్టల స్థానంలో నోరు మెదపలేదు. ఒక్క చుట్టవాటిలో మధ్య స్థానం కొంచెం ఎక్కువ గునిసింది. దాన్ని వాడవద్దని దేవరాజులుకు చెప్పాను.

అప్పుడే పాత గిటార్‌ను కూడా బల్ల మీద పెట్టి చదివాను. మొదటి ఐదు మెట్లు అరిగాయి, వీణ పలికించిన చోట పన్నెండో మెట్టు గుంటపడింది. శబ్దం పెంచే మర మీద అంకెలన్నీ చిటికెనవేలు రాసుకుని చెరిగిపోయాయి. స్విచ్ మీది తెల్లటి టోపీ మాత్రం పెట్టెలోంచి అప్పుడే తీసినంత కొత్తగా ఉంది. అది చూశాను. స్విచ్ ఇంత శుభ్రంగా ఉంచుకున్నాడే, జాగ్రత్త గల మనిషి అని మెచ్చుకున్నాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఆ వాక్యం ఇంకోసారి చదువుకోండి. చెప్పులు చూసినప్పుడు అరగని చెప్పును కూడా చూడాలి.

రాహుకాలం దాటింది. రాజమ్మత్త లేచి తేనెరంగుదాని తల నిమిరి, మన ఇంటికి రామ్మా అంది. ముదలాళి బిల్లు పుస్తకం తెరిచాడు.

నైవేద్యం

కొత్త గిటార్ కొన్నవాడికి చెప్పవలసిన జాగ్రత్తలన్నీ చెప్పి పంపాను. ఎండలో పెట్టకు, వాయించాక మెత్తటి గుడ్డతో తుడువు, కారులో వదిలేయకు. ఏ పుస్తకంలోనూ లేని జాగ్రత్త ఒకటుందని నాకు అప్పటికి తెలియదు.

శుక్రవారం సాయంత్రం దేవరాజులు మురుంగపాక్కం మంటపం నుంచి ఫోన్ చేశాడు. స్విచ్ కదలడం లేదట. గట్టిగా లాగితే విరిగేట్లుందట. ఇంకాసేపట్లో కార్యక్రమం.

స్కూటర్ మీద వెళ్లాను. స్టేజి వెనక చీకటి మూలలో దేవరాజులు గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర కూర్చున్నట్లు కూర్చున్నాడు. అందుకుని చూశాను. పికప్‌ల మీద అయస్కాంతపు మొనలు చిన్న చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. ప్రతి చుక్క మీదా గంధం, దాని మీద కుంకుమ. అంతవరకు పరవాలేదు, గంధానికి అయస్కాంతం భయపడదు. స్విచ్ సరిగ్గా మధ్య స్థానంలో బిగుసుకుపోయి ఉంది. నేను వాడవద్దని చెప్పిన స్థానం. దగ్గరగా మొహం పెడితే ఏలకుల వాసన వచ్చింది. వృత్తిలో అన్నేళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ నుంచి ఏలకుల వాసన రావడం అదే మొదటిసారి. అంతలో స్విచ్ సందులోంచి ఒక ఎర్రచీమ బయటికొచ్చి, నన్ను చూసి, లోపలికి వెళ్లిపోయింది.

"దేవరాజూ, పొద్దున పూజ చేసినారా?"

"అత్త చేసిందన్నా. దిష్టి తగలకూడదని."

"నైవేద్యం ఏంది?"

"చక్కెర పొంగలి."

"యాడ పెట్టింది?"

అతను తల వంచుకుని స్విచ్ సందు చూపించాడు. "నోరు యాడుండాదో కనుక్కున్నానురా అనింది. రవ్వంతే పెట్టింది."

బెల్లం పాకం గట్టిపడితే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. విప్పి శుభ్రం చేయాలంటే ఆరు తీగలూ ఊడదీసి ముందు పలక ఎత్తాలి. అప్పటికే బాబు మాస్టర్ మైకు తట్టి చూస్తున్నాడు. మొదటి వరుసలో రాజమ్మత్త. మూడో వరుసలో ఒక యువకుడు, ఒళ్లో పొడుగాటి సంచి. ఆ సంచిలో ఏముందో, అతన్ని ఎవరు రమ్మన్నారో మా ఇద్దరికీ తెలుసు.

ఐదు గొంతుల గిటార్ ఏరి కోరి కొనిపించాను. అందులో నాలుగు గొంతులు పొంగలి తిన్నాయి. మిగిలిన ఒక్కటీ దీపాల దగ్గర గునిసేది.

ఈశాన్యం

స్టేజి మీదికెక్కి వైరు పెట్టగానే రొద మొదలైంది. మాస్టర్ వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు నాకు రేడియో పుస్తకం గుర్తొచ్చింది. ట్రాన్సిస్టర్‌ను ఒక దిక్కుకు తిప్పితే స్టేషన్ వినిపించి, ఇంకో దిక్కుకు తిప్పితే మాయమవుతుంది కదా. అందులోనూ ఉండేది చుట్టే. దేవరాజులును నిలబెట్టి, గిటార్‌తో సహా మెల్లగా తిరగమన్నాను. తిరునాళ్లలో బొమ్మలా తిరిగాడు. రొద పెరిగింది, తగ్గింది, ఒకచోట దాదాపు ఆగిపోయింది.

"ఇట్లే నిలబడు. కదిలితే నీకూ నాకూ సరి."

చిక్కేమిటంటే ఆ దిక్కున నిలబడితే అతని వీపు సగం జనానికి, మొహం వధూవరుల సోఫాకు వస్తుంది. కచేరీ అంతా పెళ్లికూతురును చూస్తూ వాయించాలి. మొదటి వరుసలోంచి రాజమ్మత్త గొంతు వినిపించింది. "ఈశాన్యం. మంచిది, మంచిది."

నేను పక్కతెర వెనక స్తంభం పట్టుకుని నిలబడ్డాను. మొదటి పాటలోనే మాండొలిన్ వచ్చింది. మాస్టర్ కళ్లెగరేశాడు. దేవరాజులు స్విచ్ వైపు చేయి చాపి, గుర్తొచ్చి ఆగి, ఆ చేతిని తీగల చివరకు, అవి బిగించి ఉన్న కొసకు జరిపి మీటాడు. సన్నగా, గాజుపెంకులు రాలినట్లు మాండొలిన్ పలికింది. రెండో పాటలో వీణ. చేయి మెడ దగ్గరకు వచ్చింది, బొటనవేలితో మీటాడు, పన్నెండో మెట్టు మీద తీగను లాగాడు. చిటికెనవేలు శబ్దం మర మీద ఉంది. మీటిన చప్పుడు వినపడకుండా మింగి, నాదాన్ని మాత్రం మెల్లగా బయటికి వదిలాడు. పెళ్లికొడుకు తాతగారు వీణ ఎక్కడుందా అని స్టేజి అంతా వెతికారు. పాట పాటకూ మధ్య అదే చిటికెనవేలు మరను పూర్తిగా తగ్గించేది, రొదకు సందే దొరకలేదు.

అప్పుడు నాకు ఆ తెల్లటి టోపీ ఎందుకు అరగలేదో అర్థమైంది. పాత గిటార్ మీద ఈ మనిషి ఏనాడూ స్విచ్ వాడలేదు. తేలిక బరువు, ఇమిడే మెడ, నిలిచే శృతి ఇవే అతనికి కావలసింది. ఐదు గొంతులు నాకు కావలసింది.

చివర్లో మాస్టర్ వచ్చాడు. తమిళంలో పెద్ద ప్రసంగమే చేశాడు. సారాంశం ఏమిటంటే, గిటార్ అంటే ఇదీ, ఐదు వాద్యాలు విన్నాను, మూడో వరుసలో కూర్చున్న అబ్బాయికి భోజనం పెట్టి పంపించేయండి. తర్వాత ఒక మాట అడిగాడు, ఆ వీణ స్విచ్‌లో ఎన్నో నంబరు అని. దేవరాజులు నా వైపు చూశాడు. నోరు మూసుకోవలసిన సమయం అదే. నేను నాలుగు అన్నాను.

నాలుగో నంబరు

మర్నాడు గిటార్ విప్పి, స్పిరిట్‌తో కడిగి, చీమలను సాగనంపి, ఐదు గొంతులూ తిరిగి తెప్పించాను. పని బాగా చేశానని గర్వపడ్డాను కూడా. వారం తర్వాత దేవరాజులు మళ్లీ అమావాస్య మొహంతో వచ్చాడు. అరియాంకుప్పం ఉత్సవంలో వీణ రాగానే మాస్టర్ నాలుగు అని కేక వేశాడట. ఇతను నాలుగులో పెట్టాడు. వచ్చిన శబ్దం విని మాస్టర్ మొహం చిట్లించి, ఆ రోజు నాలుగు ఇది కాదే అన్నాడట. మూడో వరుస కుర్రాడి ఫోన్ నంబరు తన దగ్గర ఇంకా ఉందని కూడా అన్నాడట.

"అన్నా, మళ్లీ రవ్వంత పొంగలి పెట్టేదా?"

ముదలాళి ఆ రోజు గంట కొట్టలేదు. గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, గిటార్ చూసి, నన్ను చూసి, అతనికి కావలసింది చేసి పంపు అన్నాడు. చేశాను. ముందు పలక ఎత్తి, లోపలంతా పలుచటి రాగిరేకు అంటించాను, దాంతో మధ్య పికప్ రొద చాలావరకు పోయింది. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతే. తర్వాత చేసింది ఏ పుస్తకంలోనూ లేదు. స్విచ్ ఐదు స్థానాలకూ ఆ ఒక్క మధ్య పికప్ తీగనే అతికాను. ఎటు జరిపినా అదే గొంతు.

అప్పటినుంచీ బాబు మాస్టర్ పాట మధ్యలో రెండు అంటాడు, నాలుగు అంటాడు, ఐదు అంటాడు. దేవరాజులు టక్కున స్విచ్ జరుపుతాడు. తర్వాత చేతితో చేయవలసింది చేస్తాడు. మాస్టర్ తృప్తిగా తల ఊపుతాడు.

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లకు నేను చెప్పేది ఇదే. అన్ని రకాలకూ పనికొచ్చే గిటార్ అడిగితే మంచిదే ఇవ్వండి, నాసిరకం దాని మీద ఎంత గొప్ప చెయ్యయినా తీగ లాగితే శృతి పోతుంది. కానీ ఎన్ని స్విచ్‌లున్నాయో లెక్కపెట్టే ముందు అతని చేతిలో ఎన్ని ఉన్నాయో చూడండి.

కృతజ్ఞతలు

సవరిరాజు ముదలాళికి, గంట కొట్టినందుకూ ఆ ఒక్కరోజు కొట్టనందుకూ. లైబ్రరీలో పుస్తకాలిచ్చే కలైసెల్వి గారికి, రేడియో పుస్తకం గడువు దాటినా ఏమీ అననందుకు. ఇది రాస్తున్నన్నాళ్లూ వంటింటి బల్ల నాకు వదిలేసి నేల మీద కూరలు తరిగిన నా భార్య సుగుణకు. రాజమ్మత్తకు, మొగుడూ పెళ్లాల ఉపమానానికి. పొంగలి రుచి నాకు తెలియదు కానీ చీమలు మెచ్చుకున్నాయి. బాబు మాస్టర్‌కు, మంచి చెవి ఉన్నందుకు, అది మరీ మంచిది కానందుకు.

చివరగా దేవరాజులుకు. రాసినదంతా అతన్ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. కదలకుండా విన్నాడు. అయ్యాక స్విచ్ అతికిన సంగతి తీసెయ్యమని బతిమాలాడు.

"మాస్టర్ చదివితే నా గతి ఏందన్నా?"

మాస్టర్‌కు తెలుగు రాదు కదరా అన్నాను.

కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అట్లయితే వీణ ముక్క ఇంకొంచెం పెంచి రాయన్నా" అన్నాడు.